వెబ్‌సైట్లకు తప్పుడు వివరాలు ఇవ్వవచ్చా? ఎక్కడ, ఎంతవరకు, ఎలా అన్నదానిపై ఒక సమగ్ర మార్గదర్శి

నాలుగు పేజీల పీడీఎఫ్ ఒకటి దింపుకుందామని వెళితే ముందుగా ఒక ఫారం ఎదురవుతుంది. పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ, ఫోన్ నంబరు, ఇంటి చిరునామా, చేసే ఉద్యోగం, అన్ని గడుల పక్కనా ఎర్ర నక్షత్రం. ఆ పీడీఎఫ్‌కూ మన పుట్టిన తేదీకీ ఉన్న సంబంధమేమిటో ఆ ఫారం చెప్పదు. ఇలాంటి చోట చాలామంది నోటికొచ్చిన పేరు రాసి, జనవరి 1న పుట్టినట్టు పెట్టి, ఫోన్ గడిని తొమ్మిదులతో నింపి ముందుకు సాగిపోతారు. అది తప్పా, ఒప్పా అని అడిగితే ఒక్కమాటలో జవాబు చెప్పలేము. అయితే ఏ ఫారం ముందు కూర్చున్నా రెండు నిమిషాల్లో తేల్చుకోగలిగే పద్ధతి ఒకటి ఉంది. దానిని మెట్టు మెట్టుగా వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నా అభిప్రాయం ముందే చెబుతాను. తప్పుడు వివరం ఇవ్వడం చివరి అస్త్రం కావాలి తప్ప మొదటి అలవాటు కాకూడదు. అడిగినదాన్ని ఖాళీగా వదిలేయడం, తగ్గించి చెప్పడం, మారు ఈమెయిల్ (అసలు పెట్టెకే ఉత్తరాలు చేరవేసే వేరే చిరునామా) ఇవ్వడం అనే మూడు దారులూ మూసుకుపోయినప్పుడే కల్పించి రాయాలి. కల్పించి రాసినదాన్ని ఆ క్షణంలోనే ఎక్కడో నమోదు చేసుకోవాలి. ఈ రెండో మాట నేను అనుభవం మీద నేర్చుకున్నది. చాలా ఏళ్ల క్రితం ఒక ఈమెయిల్ ఖాతా తెరిచేటప్పుడు జాగ్రత్తపరుణ్ణి అనుకుంటూ తప్పుడు పుట్టిన తేదీ ఇచ్చాను. కొన్నాళ్లకు కొత్త కంప్యూటరు నుంచి లాగిన్ కాబోతే ఖాతాకు తాళం పడింది, నిర్ధారణకు పుట్టిన తేదీ చెప్పమంది. అసలు తేదీ కొట్టాను, తప్పన్నది. అప్పట్లో పెట్టి ఉంటాననుకున్న తేదీలు ఒకదాని తర్వాత ఒకటి కొడుతూ పోతే ఐదో ప్రయత్నానికి ఖాతా పూర్తిగా మూతపడింది. పాత ఉత్తరాలూ ఫొటోలూ అందులోనే ఉండిపోయాయి. నన్ను నేను కానని నిరూపించిన సాక్ష్యం నేను ఇచ్చుకున్నదే.

మొదటి మెట్టు: ఈ వివరం మీద రేపు ఆధారపడేది ఎవరు?

ఫారంలోని ప్రతి గడి దగ్గరా వేసుకోవలసిన ప్రశ్న ఇదొక్కటే. ఆ వివరాన్ని ఆధారం చేసుకుని రేపు ఎవరైనా ఒక నిర్ణయం తీసుకుంటారా? దాన్ని నేను ఎప్పుడైనా పత్రాలతో రుజువు చేయవలసి వస్తుందా? రెండింటిలో దేనికైనా అవునన్న జవాబు వస్తే అక్కడ అబద్ధం పనికిరాదు. బ్యాంకులు, పన్నులు, బీమా, రుణాలు, ప్రభుత్వ సేవలు, ఉద్యోగ దరఖాస్తులు, పరీక్షల నమోదు, విమాన టికెట్లు, డబ్బు పంపే యాప్‌లు అన్నీ ఈ కోవలోకే వస్తాయి. విమాన టికెట్ మీద పేరు పాస్‌పోర్టులోని పేరుతో సరిపోకపోతే ప్రయాణం ఆగిపోతుంది. బీమా దరఖాస్తులో వయసు తప్పుగా ఉంటే పరిహారం అడిగిన రోజున ఆ తప్పే అడ్డం తిరుగుతుంది.

వైద్యం సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే అక్కడ నష్టం డబ్బుతో ఆగదు. వయసు, బరువు, అంతకుముందు వాడిన మందులు, పడని మందులు చూసి వైద్యులు మోతాదు నిర్ణయిస్తారు. గోప్యత కోసం ఆ గడుల్లో అబద్ధం రాస్తే మోసపోయేది వెబ్‌సైటు కాదు, మన శరీరమే. చెప్పడం ఇష్టం లేని సంగతి ఉంటే ఆ సేవనే వాడకుండా నేరుగా వైద్యుడి దగ్గరకు వెళ్లడం మేలు.

చట్టం సంగతి కూడా ఇక్కడే చూసుకోవాలి. మామూలు వెబ్‌సైటులో మారుపేరు పెట్టుకోవడం నేరం కాదన్నది చాలా దేశాల్లో ఉన్న స్థితి. ఎక్కువ సందర్భాల్లో అది ఆ సైటు నియమాలను మీరడం మాత్రమే అవుతుంది, అందుకు శిక్షగా ఖాతా మూసేస్తారు. అమెరికాలో మైస్పేస్ అనే సోషల్ మీడియా సైటులో కల్పిత ఖాతా తెరిచిన ఒక కేసులో 2008లో జ్యూరీ దోషిగా తేల్చింది. సైటు నియమాలను మీరడమే నేరమైతే లెక్కలేనంతమంది మామూలు మనుషులు నేరస్థులవుతారన్న ఆలోచనతో 2009లో న్యాయమూర్తి ఆ తీర్పును పక్కన పెట్టారు. ఇంకొకరిగా నటించడం, మోసం చేసి లాభం పొందడం మాత్రం ఎక్కడైనా వేరే సంగతి. భారతదేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలోని 15వ సెక్షన్ పౌరులకు కొన్ని బాధ్యతలు పెట్టింది. ఏదైనా పనికి వ్యక్తిగత సమాచారం ఇచ్చేటప్పుడు వేరొకరిగా నటించకూడదనీ, ప్రభుత్వం జారీ చేసే గుర్తింపు, చిరునామా పత్రాల కోసం సమాచారం ఇచ్చేటప్పుడు ముఖ్యమైన వివరాలను దాచకూడదనీ అందులో ఉంది. లేని మనిషిని కల్పించడం వేరు, ఉన్న మనిషి పేరు వాడుకోవడం వేరు. ఈ తేడాను చివరిదాకా మనసులో ఉంచుకోవాలి.

రెండో మెట్టు: ముందు ఖాళీగా వదిలి చూడండి

ఫారం తెరవగానే నక్షత్రం గుర్తు లేని గడులన్నిటినీ వదిలేయండి. ఇది చెప్పనక్కరలేని సంగతిలా కనిపిస్తుంది గాని, బ్రౌజరు తనంతట తాను అన్ని గడులనూ నింపేస్తూ ఉంటే మనం చూసుకోకుండా పంపించేస్తాం. కాబట్టి చిరునామాలను ఆటోమేటిక్‌గా నింపే సదుపాయాన్ని బ్రౌజరు సెట్టింగుల్లో ఆపివేయడం ఈ మెట్టులో మొదటి పని. తర్వాత అతిథిగా కొనుగోలు చేసే వీలుందా, ఖాతా తెరవకుండానే పని జరుగుతుందా అని చూడండి. నక్షత్రం ఉన్న గడిలో కూడా ఒక్కోసారి ఒక చుక్కో గీతో పెడితే ఫారం ఒప్పుకుంటుంది. లింగం, వృత్తి వంటి గడుల్లో చెప్పదలచుకోలేదన్న ఎంపిక ఉంటే అదే ఎంచుకోండి. ఇవేవీ అబద్ధాలు కావు, గుర్తుపెట్టుకోవలసిన బరువు కూడా ఉండదు.

నిజాన్ని కుదించి చెప్పడం కూడా ఇలాంటిదే. పూర్తి పేరుకు బదులు పొడి అక్షరాలు, ఊరికి బదులు దేశం, కచ్చితమైన వయసుకు బదులు ముప్పైలలో ఉన్నానన్న మాట. అడిగినవాడి అవసరం చాలావరకు దీనితోనే తీరిపోతుంది.

మూడో మెట్టు: ఈమెయిలూ ఫోన్ నంబరూ సంగతి తేల్చుకోండి

కల్పిత వివరాలు ఇచ్చేవాళ్లలో ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. పేరు మారుస్తారు, ఊరు మారుస్తారు, పుట్టిన తేదీ మారుస్తారు, ఈమెయిల్ మాత్రం అందరికీ ఇచ్చేదే ఇస్తారు. వేర్వేరు చోట్ల పోగైన సమాచారాన్ని ఒకే మనిషి కింద కలిపేందుకు ప్రకటనల కంపెనీలు, జనం వివరాలు పోగుచేసి అమ్మే డేటా బ్రోకర్లు వాడే దారం పేరు కాదు. ఒకే పేరున్నవాళ్లు వేలమంది ఉంటారు, ఒకే ఈమెయిల్ ఉన్నవాడు ఒక్కడే ఉంటాడు. ఫోన్ నంబరూ అంతే. ఆ రెండూ అసలువైతే మిగతా అబద్ధాలన్నీ ఒకే కట్టలోకి చేరిపోతాయి, ఆ కట్ట మీద మన పేరే ఉంటుంది.

భద్రత కోసమని ఇచ్చిన నంబరు భద్రతకే వాడతారన్న హామీ కూడా లేదు. ఖాతా రక్షణకంటూ 2013 నుంచి 2019 వరకు వినియోగదారుల దగ్గర తీసుకున్న ఫోన్ నంబర్లనూ ఈమెయిళ్లనూ ప్రకటనలను గురిపెట్టడానికి వాడినందుకు ట్విటర్ 2022లో అమెరికా ప్రభుత్వానికి 15 కోట్ల డాలర్ల జరిమానా చెల్లించింది.

అందుచేత ఒక్కో సైటుకు ఒక్కో మారు ఈమెయిల్ ఇవ్వడం అన్నిటికన్నా విలువైన అలవాటు. ఆపిల్ వారి హైడ్ మై ఈమెయిల్, ఫైర్‌ఫాక్స్ రిలే, డక్‌డక్‌గో ఈమెయిల్ ప్రొటెక్షన్ వంటి సేవలు అప్పటికప్పుడు ఒక కొత్త చిరునామా సృష్టించి, దానికి వచ్చే ఉత్తరాలను మన అసలు పెట్టెకు చేరవేస్తాయి. ఇది అబద్ధం కూడా కాదు, ఎందుకంటే ఆ చిరునామాకు రాస్తే ఉత్తరం మనకు నిజంగానే అందుతుంది. ఏ చిరునామాకు చెత్త రావడం మొదలైందో చూస్తే మన వివరాలు బయటికి పొక్కించింది ఎవరో తెలిసిపోతుంది, ఆ ఒక్కదాన్ని ఆపేస్తే సరిపోతుంది. జీమెయిల్‌లో పేరు తర్వాత కూడిక గుర్తు పెట్టి ఒక మాట చేర్చే పద్ధతి కూడా ఉంది. ఉత్తరాలను వేరు చేసుకోవడానికి అది బాగుంటుంది గాని గోప్యతకు అక్కరకు రాదు, ఎందుకంటే ఆ గుర్తునూ దాని తర్వాతి మాటనూ తీసేసి అసలు చిరునామాను రాబట్టడం ఎంత చిన్న ప్రోగ్రాముకైనా క్షణంలో పని.

పది నిమిషాల్లో మాయమయ్యే తాత్కాలిక ఈమెయిళ్లతో జాగ్రత్తగా ఉండాలి. మెయిలినేటర్ వంటి సేవల్లోని ఉచిత పెట్టెలు బహిరంగమైనవి. పెట్టె పేరు ఊహించగలిగినవారెవరైనా అందులోని ఉత్తరాలు చదవగలరు, మన పాస్‌వర్డ్ మార్చుకునే లింకు కూడా అందులో భాగమే. మళ్లీ తిరిగి రాని చోట, పోయినా ఫరవాలేని ఖాతాకు తప్ప అవి వాడకూడదు.

ఫోన్ నంబరు విషయంలో దారులు తక్కువ. ఓటీపీ పంపే సైటుకు నిజమైన నంబరు తప్పదు. లాగిన్‌కు రెండో తాళంగా మాత్రమే అడుగుతున్నట్లయితే, దానికి బదులు ఫోన్‌లోనే లాగిన్ అంకెలు పుట్టించే ఆథెంటికేటర్ యాప్ ఎంచుకునే వీలుందేమో సెట్టింగుల్లో వెతకండి. చాలా పెద్ద సైట్లలో ఉంటుంది.

నాలుగో మెట్టు: కల్పించేటప్పుడు ఇంకొకరి నెత్తిన పెట్టకండి

నా ఈమెయిల్ పెట్టెకు కొన్నేళ్లుగా నాకు తెలియని ఒకరి ఉత్తరాలు వస్తున్నాయి. వ్యాయామశాల సభ్యత్వం గడువు, కారు సర్వీసు తేదీ, ఒకసారి ఎవరిదో పెళ్లి ఫొటోల లింకు. ఆ మనిషి ఎక్కడో ఫారంలో తనకు తోచిన ఈమెయిల్ కొట్టి ఉంటాడు, అది నాది అయింది. అతని గోప్యత కోసం అతను ఆడిన అబద్ధం వల్ల అతని పూర్తి పేరు, కారు నంబరు, ఉండే పేట నాకు తెలిసిపోయాయి. ఇంతకన్నా ఎదురు తిరిగిన జాగ్రత్త నేను చూడలేదు.

నోటికొచ్చిన పది అంకెలు కొడితే అది ఎవరిదో ఒకరి ఫోన్ నంబరు అయ్యే అవకాశం చాలా ఎక్కువ. ఆ తర్వాత వేళకాని వేళ వచ్చే అమ్మకపు కాల్స్ అన్నీ ఆ మనిషికే. దీని తీవ్రత 2015లో, పెళ్లయినవాళ్లకు రహస్య సంబంధాలు కుదిర్చే యాష్లీ మాడిసన్ సైటు ఖాతాల సమాచారం బయటపడ్డప్పుడు లోకానికి తెలిసింది. ఆ సైటు ఈమెయిళ్లను నిర్ధారించుకోకుండానే ఖాతాలు తెరవనిచ్చింది. దానివల్ల వేరెవరో కొట్టిన చిరునామాల అసలు యజమానులు కూడా ఆ అపఖ్యాతి జాబితాలో తేలారు.

నిజంగా ఉత్తరం అందనక్కరలేని గడి అయితే ఎగ్జాంపుల్ డాట్ కామ్ అనే డొమైన్ వాడవచ్చు. 1999 నాటి ఆర్‌ఎఫ్‌సీ 2606 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం దానిని ఉదాహరణల కోసమే ప్రత్యేకించింది కాబట్టి అది ఎవరికీ చెందదు. కొన్ని ఫారాలు దానిని గుర్తుపట్టి తిరస్కరిస్తాయి, అప్పుడు మారు ఈమెయిల్ ఇవ్వడమే దారి. చిరునామా విషయంలోనూ ఉన్న ఇంటి నంబరు రాయకండి. వస్తువు ఇంటికి రావలసినప్పుడు అసలు చిరునామా ఇవ్వక తప్పదు, రానక్కరలేనప్పుడు ఆ గడిలో వీధి పేరు వరకే ఆపేస్తే చాలు.

ఐదో మెట్టు: పుట్టిన తేదీ

పుట్టిన తేదీ పైకి అమాయకంగా కనిపిస్తుంది. లటాన్యా స్వీనీ అనే పరిశోధకురాలు 1990 జనాభా లెక్కలు తీసుకుని 2000లో వేసిన అంచనా ప్రకారం, పుట్టిన తేదీ, లింగం, ఐదంకెల పోస్టల్ కోడ్ ఈ మూడే తెలిస్తే అమెరికా జనాభాలో 87 శాతం మందిని విడివిడిగా గుర్తుపట్టవచ్చు. 2006లో ఫిలిప్ గోల్ మళ్లీ లెక్కగట్టి అది 63 శాతం దగ్గర ఉంటుందన్నాడు. తక్కువదే తీసుకున్నా పేరు లేకుండానే సగానికి పైగా జనం దొరికిపోతున్నట్టే. ఆ మూడింటిలో తేదీని కదిపితే ఆ గొలుసు తెగుతుంది.

కాబట్టి ప్రభుత్వంతో, డబ్బుతో, వైద్యంతో సంబంధం లేని సైటుకు అసలు పుట్టిన తేదీ ఇవ్వనక్కరలేదన్నది నా మాట. అయితే ఎలా మార్చాలన్నదానికి కొన్ని కట్టుబాట్లు ఉన్నాయి. జనవరి 1 పెట్టకండి, అది ప్రతివారూ పెట్టే తేదీ. అసలు తేదీకి ఒకటి రెండు రోజులు అటూ ఇటూ జరపడం కూడా రక్షణ కాదు. వయసు మాత్రం నిజానికి దగ్గరగా ఉంచండి, అంటే సంవత్సరం ఒకటో రెండో మార్చి నెలా రోజూ పూర్తిగా వేరేవి ఎంచుకోండి. ఒకే కల్పిత తేదీని అన్ని చోట్లా వాడితే అదే రెండో పుట్టిన తేదీగా స్థిరపడి మళ్లీ మనల్ని కలిపే దారమవుతుంది. మరోవైపు ప్రతి సైటుకూ ఒక్కోటి పెడితే గుర్తుండదు. రాసిపెట్టుకునే ఓపిక ఉంటే వేర్వేరుగా పెట్టండి, లేకపోతే రెండే తేదీలు పెట్టుకుని, పోతే బాధపడే ఖాతాలకు ఒకటి, పోయినా ఫరవాలేని ఖాతాలకు మరొకటి వాడండి.

పిల్లల విషయంలో ఈ సలహా తిరగబడుతుంది. అమెరికాలో 1998లో చేసిన పిల్లల ఆన్‌లైన్ గోప్యత చట్టం వల్ల చాలా సైట్లు 13 ఏళ్లలోపు వారిని ఖాతాలు తెరవనివ్వవు. ఆ గడప దాటడానికి పదేళ్ల పిల్లవాడు ఎనిమిదేళ్లు కలిపి చెబితే, పదమూడేళ్లు వచ్చేనాటికి సైటు లెక్కలో అతను ఇరవై ఒక్క ఏళ్ల యువకుడు. పెద్దవాళ్లకు ఉద్దేశించిన ప్రకటనలూ, అపరిచితుల సందేశాలూ అన్నీ తెరుచుకుంటాయి. పిల్లల కోసం చట్టం పెట్టిన రక్షణలు వయసు ఎక్కువ చెప్పిన ఖాతాకు వర్తించవు.

ఆరో మెట్టు: భద్రతా ప్రశ్నలకు తప్పకుండా అబద్ధమే చెప్పండి

నిస్సందేహంగా అబద్ధం చెప్పమని నేను సలహా ఇచ్చే గడి ఇదొక్కటే. మీ అమ్మగారి పుట్టింటి పేరేమిటి, మీరు చదివిన మొదటి బడి ఏది, మీ మొదటి పెంపుడు జంతువు పేరేమిటి అనే ప్రశ్నల జవాబులు బంధువులందరికీ తెలుసు, సోషల్ మీడియాలో సగం మన చేతులతోనే రాసి ఉంటాం. 2008 సెప్టెంబరులో అమెరికా ఉపాధ్యక్ష పదవికి పోటీలో ఉన్న సారా పాలిన్ యాహూ ఈమెయిల్‌లోకి ఒక విద్యార్థి చొరబడ్డాడు. అందుకు వాడినవి ఆమె పుట్టిన తేదీ, పోస్టల్ కోడ్, భర్తను మొదట కలిసిన చోటు. అన్నీ వెతికితే దొరికినవే. పైగా ఈ జవాబులు దొంగల చేతికి చిక్కితే పాస్‌వర్డ్ మార్చుకున్నట్టు అమ్మగారి పుట్టింటి పేరు మార్చుకోలేం. 2013లో యాహూ నుంచి దొంగిలించిన 300 కోట్ల ఖాతాల సమాచారంలో ఫోన్ నంబర్లు, పుట్టిన తేదీలతో పాటు ఈ ప్రశ్నలూ జవాబులూ కూడా ఉన్నాయి.

అయితే అబద్ధం చెప్పడంలోనూ ఒక మెలిక ఉంది. గూగుల్ పరిశోధకులు 2015లో ప్రచురించిన అధ్యయనంలో, తప్పుడు జవాబులు ఇచ్చామని ఒప్పుకున్నవారిలో 37 శాతం మంది ఊహించడం కష్టం కావాలనే అలా ఇచ్చామన్నారు. మొత్తం మీద ఫలితం మాత్రం ఎదురు తిరిగింది, ఎందుకంటే అబద్ధం చెప్పేటప్పుడు మనుషులంతా ఒకేలా ఆలోచిస్తారు. అదే అధ్యయనంలో అమెరికాలోని ఇంగ్లీషు మాట్లాడే వినియోగదారుల్లో 40 శాతం మందికి అవసరమైనప్పుడు తమ జవాబు గుర్తు రాలేదు. అబద్ధమాడినా అతికినట్టుండాలని మనవాళ్లు అంటారు గాని, ఇక్కడ మాత్రం ఆ సామెతను తలకిందులు చేయాలి. అతకని అబద్ధమే భద్రమైనది. పెంపుడు జంతువు పేరు అడిగితే ఇంకో జంతువు పేరు రాయకండి, సంబంధం లేని నాలుగు మాటలు వరుసగా రాయండి. దీపస్తంభం, పదహారు, గొడుగు, ఉప్పెన అన్నట్టుగా. కేవలం అర్థం లేని అక్షరాల వరస కన్నా మాటలే నయం, ఎందుకంటే ఫోన్‌లో సహాయ కేంద్రంవారు అడిగినప్పుడు నోటితో చెప్పగలగాలి. గజిబిజి అక్షరాలేవో కొట్టానండీ అని చెప్పి నమ్మించబోయే దొంగలు కూడా ఉంటారు కాబట్టి ఈ జాగ్రత్త.

అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ కూడా 2017 నాటి తన మార్గదర్శకాల్లో మొదటి పెంపుడు జంతువు పేరు వంటి వివరాలను రహస్యాలుగా అడగకూడదని స్పష్టంగా రాసింది. అయినా ఇప్పటికీ అడిగే సైట్లున్నాయి.

ఏడో మెట్టు: చెప్పిన అబద్ధాన్ని అక్కడికక్కడే రాసిపెట్టుకోండి

పాస్‌వర్డ్‌లను భద్రంగా దాచిపెట్టే పాస్‌వర్డ్ మేనేజరులో ప్రతి ఖాతాకూ నోట్స్ అనే ఒక గడి ఉంటుంది. ఖాతా తెరిచిన వెంటనే, ఫారం ఇంకా తెర మీద ఉండగానే, ఇచ్చిన పేరు, తేదీ, ఊరు, ప్రశ్న, జవాబు అన్నీ అందులో రాయండి. నా నోట్స్‌లో ఒకటి ఇలా ఉంటుంది: పేరు పొడి అక్షరాలతో, తేదీ 17 ఆగస్టు, సంవత్సరం అసలుదానికి ఒకటి తక్కువ, ఊరు ఇవ్వలేదు, మొదటి బడి ప్రశ్నకు జవాబు నాలుగు మాటలు, వాటి మధ్య ఖాళీలు ఉన్నాయి, ఫోన్ ఇవ్వలేదు, అసలు వివరాలు అవసరమయ్యే అవకాశం లేదు. ఖాళీల సంగతి రాయడం చాదస్తంగా కనిపించవచ్చు. ఒక్క ఖాళీ తేడాతో జవాబు తప్పని చెప్పే సైటు ఒకసారి తగిలిన తర్వాత ఆ చాదస్తం అలవాటైంది. పాస్‌వర్డ్ మేనేజరు వాడనివారు కాగితపు పుస్తకంలో రాసుకుని ఇంట్లో భద్రంగా పెట్టుకున్నా తప్పులేదు. జ్ఞాపకం మీద మాత్రం ఆధారపడవద్దు.

ఖాతా విలువ పెరిగినప్పుడు ఈ నోట్స్ తిరగేయాలి. ఊరికే చూడడానికి తెరిచిన ఖాతాలో కొన్నాళ్లకు డబ్బు చెల్లించడం మొదలవుతుంది, కొన్న పుస్తకాలో ఆటలో పోగవుతాయి, ఒక్కోసారి సంపాదన కూడా వస్తుంది. ఆ రోజున సైటు గుర్తింపు పత్రం అడిగితే కల్పిత పేరు మీద ఉన్నదంతా ఇరుక్కుపోతుంది. డబ్బు చేరబోతోందని తెలియగానే, ఇంకా ఎవరూ అడగకముందే, ప్రొఫైల్‌లోకి వెళ్లి పేరూ తేదీ సరిచేసుకోండి. తాళం పడిన తర్వాత సరిచేయడం చాలా కష్టం. ఐరోపాలో జీడీపీఆర్ అనే వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలోని 16వ అధికరణం తన సమాచారంలోని తప్పులను సరిచేయించుకునే హక్కు మనిషికి ఇచ్చింది గాని, ఆ మనిషి తానేనని ముందు నిరూపించుకోవాలి కదా.

ఎనిమిదో మెట్టు: పేరు

దీనికి ఎక్కువ చెప్పనక్కరలేదు. అభిప్రాయాలు రాసే చోట, చర్చల్లో, ఆటల్లో మారుపేరు సహజమైనదే. కలంపేరుతో రాయడం మనకు కొత్త కాదు. అసలు పేరు తప్పనిసరి చేస్తే జరిగేదేమిటో దక్షిణ కొరియా చూపించింది. అక్కడ 2007లో పెద్ద సైట్లలో వ్యాఖ్యలు రాయడానికి గుర్తింపు నిర్ధారణ తప్పనిసరి చేశారు. 2011లో నేట్, సైవరల్డ్ సేవల నుంచి మూడున్నర కోట్ల మంది వివరాలు దొంగల పాలయ్యాయి. 2012లో ఆ దేశపు రాజ్యాంగ న్యాయస్థానం ఆ నిబంధనను కొట్టివేసింది. అయితే ఒక సేవలో మనకు తెలిసినవారు మనల్ని నమ్మి మాట్లాడుతుంటే, అక్కడ పేరుతో పాటు వయసో వృత్తో కల్పించడం గోప్యత కాదు, వాళ్లను మోసం చేయడం. వైద్యుణ్ణి కాని నేను వైద్యుణ్ణని రాసుకుంటే అది నా రక్షణ కోసం కాదని నాకే తెలుసు.

తొమ్మిదో మెట్టు: అబద్ధం దాచలేనివి ఏమిటో తెలుసుకోండి

ఫారంలో రాసింది సైటుకు తెలిసే సంగతుల్లో ఒక భాగం మాత్రమే. మనం ఏమీ చెప్పకపోయినా మన ఇంటర్నెట్ కనెక్షన్‌కు ఉండే ఐపీ అడ్రసు అనే సంఖ్య నుంచి దాదాపుగా ఏ ఊరో తెలుస్తుంది. సైట్లు మన బ్రౌజరులో దాచే కుకీలు అనే చిన్న ఫైళ్లు గతంలో వచ్చినవాడే మళ్లీ వచ్చాడని చెబుతాయి. బ్రౌజరు రకం, తెర కొలత, ఫాంట్లు, టైమ్ జోన్ కలిపితే ఒక వేలిముద్ర లాంటిది తయారవుతుంది. డిజిటల్ హక్కుల సంస్థ ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ 2010లో దాదాపు 4,70,000 బ్రౌజర్లను పరిశీలిస్తే వాటిలో 83.6 శాతం మిగతావాటిలో దేనితోనూ కలవని ముద్రతో ఉన్నాయి. ఇక కార్డుతో డబ్బు చెల్లిస్తే అసలు పేరు ఎలాగూ చేరుతుంది. గూగుల్‌తోనో ఫేస్‌బుక్‌తోనో లాగిన్ అయ్యే బటన్ నొక్కినా అంతే.

కాబట్టి కల్పిత వివరాలిచ్చే ఖాతాలకు ఒక వేరే బ్రౌజరునో, అదే బ్రౌజరులో వేరే ప్రొఫైల్‌నో కేటాయించండి. మూడో పక్షపు కుకీలను, అంటే మనం చూస్తున్న సైటువి కాక ఇతరులు పెట్టేవాటిని, ఆపండి. యాప్ పెట్టుకోమని అడిగినా బ్రౌజరులోనే వాడండి, కాంటాక్టుల జాబితా చూడడానికి అనుమతి ఎప్పుడూ ఇవ్వకండి. మనం నంబరు ఇవ్వకపోయినా మన స్నేహితుడు తన కాంటాక్టులన్నీ ఎక్కిస్తే మన అసలు పేరూ నంబరూ అతని చేతుల మీదుగా అక్కడికి చేరతాయి. దానికి మన దగ్గర మందు లేదు.

పదో మెట్టు: పాత ఖాతాలు

ఈ పద్ధతి ఇవాళ మొదలుపెట్టినా అసలు వివరాలతో ఇదివరకే తెరిచిన ఖాతాలు ఉండనే ఉంటాయి. ఈమెయిల్ పెట్టెలో స్వాగతం, ఖాతా నిర్ధారణ, వెరిఫై వంటి మాటలు వెతికితే మరిచిపోయిన ఖాతాలు బయటపడతాయి. ట్రాయ్ హంట్ అనే భద్రతా నిపుణుడు 2013లో మొదలుపెట్టిన హావ్ ఐ బీన్ పోన్డ్ అనే సైటులో ఈమెయిల్ ఇస్తే, తెలిసిన డేటా లీకుల్లో అది ఎక్కడెక్కడ కనిపించిందో చూపిస్తుంది. వాడని ఖాతాలను ఒకేసారి కాకుండా రోజుకు రెండు చొప్పున మూసేయండి. మూసే ముందు దాచి ఉన్న కార్డులు తొలగించి, పుట్టిన తేదీ, ఫోన్, చిరునామా గడులను ఖాళీ చేసి, ఖాళీ చేయనివ్వకపోతే మార్చి, ఆ తర్వాతే తొలగింపు బటన్ నొక్కండి. తొలగించాక కూడా కొన్ని సైట్లు రికార్డును ఉంచుకుంటాయి, పాత బ్యాకప్‌లలో అసలు వివరాలు కొంతకాలం మిగిలే ఉంటాయి. అయినా నడుస్తున్న రికార్డులో ఉండిపోయేది మార్చిన వివరమే అవుతుంది. తొలగించే దారి కనిపించని సైటుకు ఒక ఈమెయిల్ రాసి, పంపిన తేదీని ఆ ఖాతా నోట్స్‌లోనే వేసుకుని, నెల తర్వాత మళ్లీ లాగిన్ ప్రయత్నించి చూడండి.